అయ్యదేవర కాళేశ్వరరావు

అయ్యదేవర కాళేశ్వరరావు (మరణం: ఫిబ్రవరి 26, 1962) స్వాతంత్ర్య సమరయోధుడు, గ్రంథకర్త, ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ తొలి సభాపతి. ఈయన కృష్ణా జిల్లా నందిగామలో జన్మించాడు. బందరు నోబుల్ కళాశాలలో చదివి, బెజవాడలో న్యాయవాదిగా స్థిరపడ్డాడు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమాలను ప్రారంభించాడు.

బెజవాడ పురపాలక సంఘ అధ్యక్షుడిగా పనిచేశాడు. 1921లో ఆ పట్టణంలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని, ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. కాళేశ్వరరావు గాంధీజీ పిలుపునందుకొని జాతీయోద్యమంలో పలుమార్లు జైలుకు వెళ్ళాడు. జైలు జీవితం ఈయనకు వృథా కాలేదు. విదేశాల విప్లవాలు, జాతీయోద్యమాల గురించి తెలుగులో చరిత్రలు రచించాడు.

1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శి అయ్యాడు. 1946లో మళ్ళీ ఎన్నికయ్యాడు. అయితే ఈయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైనది విశాలాంధ్ర కృషి అని చెప్పాలి. తెలుగువారందరికీ ఒకే రాష్ట్రం కావాలని కోరిన విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించాడు. తెలంగాణలో దీనికి బలమైన వ్యతిరేకత కూడా ఉండేది. 1955లో ఆంధ్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ అవతరించగా, ఆంధ్ర సభ్యులు, హైదరాబాదు శాసనసభలోని తెలంగాణ సభ్యులు కలిసి కూర్చున్న సభకు ఈయనే సభాపతి అయ్యాడు. మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. ఆ ఉమ్మడి రాష్ట్రం 2014లో విడిపోయింది.

ఈయన ఆత్మకథ పేరు నవ్యాంధ్రము - నా జీవితకథ. విజయవాడలోని కాళేశ్వరరావు మార్కెట్టుకు ఈయన పేరే పెట్టారు.