విల్‌హెల్మ్ మేబాక్

విల్‌హెల్మ్ మేబాక్ (ఫిబ్రవరి 9, 1846 - డిసెంబర్ 29, 1929) జర్మనీకి చెందిన ఇంజనీరు, ఇంజన్ల రూపశిల్పి. తొలితరం మోటారు కార్ల నిర్మాణంలో గాట్లీబ్ డైమ్లర్‌కు కుడిభుజంగా పనిచేశాడు. ఇంజను అమితంగా వేడెక్కకుండా కాపాడే తేనెపట్టు రేడియేటర్‌ను రూపొందించినవాడు ఇతడే.

బాల్యం, విద్యాభ్యాసం

మేబాక్ హైల్‌బ్రాన్ పట్టణంలో ఒక వడ్రంగి కుటుంబంలో జన్మించాడు. పదేళ్ళ వయసుకే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. రాయిట్లింగెన్‌లో గుస్టావ్ వెర్నర్ అనే మతబోధకుడు నడిపిన ఆశ్రమం అతనిని చేరదీసింది. ఆశ్రమ యంత్రశాలలో అతడు యంత్రాల నమూనాలు గీయడం నేర్చుకున్నాడు. అక్కడ నిర్వాహకుడుగా ఉన్న డైమ్లర్ ఈ యువకుని ప్రతిభను గుర్తించాడు. 1872లో డాయిట్జ్ ఇంజన్ల కర్మాగారంలో చేరినప్పుడు మేబాక్‌ను కూడా వెంట తీసుకువెళ్ళాడు.

డైమ్లర్‌తో సాహచర్యం

1882లో వీరిద్దరూ డాయిట్జ్‌ను విడిచి కాన్‌స్టాట్ చేరుకున్నారు. డైమ్లర్ ఇంటి తోటలోని చిన్న కట్టడమే వారి ప్రయోగశాల. తేలికగా ఉండి వేగంగా తిరిగే పెట్రోలు ఇంజనును తయారుచేసి, 1885లో దానిని ఒక ద్విచక్ర వాహనానికి అమర్చారు. పెట్రోలును తుంపరగా వెదజల్లి గాలితో కలిపే కార్బురేటర్‌ను మేబాక్ 1893లో రూపొందించాడు.

వేడి సమస్య

ఇంజనులో మండిన ఇంధనపు వేడిలో కొంత భాగమే చక్రాలను తిప్పే శక్తిగా మారుతుంది. మిగిలినదానిలో కొంత పొగతో పోగా, కొంత సిలిండర్ గోడలకు చేరుతుంది. దానిని తొలగించకపోతే నూనె పలచబడి, పిస్టన్ వ్యాకోచించి సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. 1886 నాటి కార్ల్ బెంజ్ వాహనంలో నీరు మరిగి ఆవిరై పోయేది. దారిలో మళ్ళీ మళ్ళీ నీరు పోయవలసి వచ్చేది. 1889లో మేబాక్ రూపొందించిన ఉక్కు చక్రాల బండిలో చట్రపు గొట్టాల గుండానే నీటిని ప్రవహింపజేశారు. చిన్న ఇంజనుకు ఇది సరిపోయింది. శక్తి పెరిగేకొద్దీ ఎక్కువ నీరు, దానితోపాటు ఎక్కువ బరువు మోయవలసి వచ్చింది.

తేనెపట్టు రేడియేటర్

1897లో మేబాక్ అనేక సన్నని గొట్టాలతో కూడిన రేడియేటర్‌ను తయారుచేశాడు. దానితో సుమారు 18 లీటర్ల నీరు అవసరమయ్యేది. 1900 మార్చిలో డైమ్లర్ మరణించాడు. అదే నెలలో ఫ్రాన్సులోని నీస్ వద్ద కొండదారి పందెంలో డైమ్లర్ కారు ప్రమాదానికి గురై చోదకుడు విల్‌హెల్మ్ బవర్ మృతిచెందాడు. తేలికైన, తక్కువ ఎత్తుగల, శక్తిమంతమైన కారు కావాలని వ్యాపారి ఎమిల్ యెలినెక్ కోరగా, మేబాక్ 35 అశ్వశక్తుల కారును రూపొందించాడు.

దాని రేడియేటర్‌లో 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 ఉన్నాయి. గొట్టాల లోపలినుండి గాలి వీచగా, వాటి మధ్య ఇరుకు సందుల్లో నీరు ప్రవహించి చల్లబడేది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు గాలి అందడానికి వెనుక ఫ్యాన్ అమర్చాడు. దీనితో 9 లీటర్ల నీరే సరిపోయింది. 1901 మార్చిలో నీస్ పందాలలో ఈ కారు ఘనవిజయం సాధించింది. అయితే దానికి పెట్టిన పేరు నిర్మాతది కాదు, యెలినెక్ కుమార్తెది: మెర్సిడెస్.

నేటి కార్లలో దోష నిర్ధారణ

తరువాతి కాలంలో థర్మోస్టాట్, పీడనాన్ని నిలిపే మూత వచ్చి చేరినా మూలసూత్రం మారలేదు. అందువల్ల లోపాన్ని కూడా గాలి, నీరు అనే రెండు ప్రవాహాలను బట్టే వెతుకుతారు.

* రద్దీలో మాత్రమే వేడెక్కి, వేగంగా వెళ్తే చల్లబడితే మొదట ఫ్యాన్‌ను అనుమానించాలి.
* వేగంలో వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోవడమో, పంపు బలహీనపడడమో కారణం కావచ్చు.
* ఇంజను వేడెక్కినా రేడియేటర్ కింది గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోకపోయి ఉండవచ్చు.
* బయట కారకుండానే నీరు తగ్గుతూ, తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే సిలిండర్ హెడ్ గాస్కెట్ దెబ్బతిని ఉండవచ్చు.

ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తెరవరాదు. పీడనంతో వేడినీరు ఎగజిమ్మి ఒళ్ళు కాలుతుంది.

చివరి దశ

డైమ్లర్ మరణానంతరం సంస్థలో మేబాక్ ప్రాధాన్యం తగ్గింది. 1907లో అతడు సంస్థను వీడాడు. 1909లో కుమారుడు కార్ల్‌తో కలిసి, జెప్పెలిన్ సహకారంతో గాలినౌకల ఇంజన్ల సంస్థను నెలకొల్పాడు. 1921లో ఆ సంస్థనుండి మేబాక్ పేరుతో కారు వెలువడింది. 1929లో మరణించిన మేబాక్‌ను కాన్‌స్టాట్‌లో, డైమ్లర్ సమాధి ఉన్న శ్మశానవాటికలోనే ఖననం చేశారు.