ఎడ్విన్ మాంటేగు

ఇస్రాయేలు ప్రభుత్వ చర్యలను ఖండించువారెల్లరును యూదుద్వేషులని కొందరును, ఖండనము మాటున యూదులనే దూషించి అది రాజకీయవిమర్శయని కొందరును నేడు వాదించుచున్నారు. ఈ రెంటికిగల భేదము నెరుంగగోరువారు, ఒకప్పుడు ఇండియా మంత్రిగా నుండిన ఎడ్విన్ మాంటేగు చరిత్రమును పరికింపవలెనని మా తలంపు.

మాంటేగు 1879 ఫిబ్రవరి 6వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి ధనికుడగు బ్యాంకరు, స్వమతనిష్ఠగల యూదుడు. కుమారుడు కేంబ్రిడ్జిలో చదివి, 1906లో లిబరలు పక్షమున పార్లమెంటు సభ్యుడై, 1917 జూలైలో ఇండియా మంత్రి యయ్యెను.

ఆగష్టు 20వ తేదీన, భారతదేశమునకు బాధ్యతాయుత ప్రభుత్వమును క్రమముగా నొసగుదుమని ఆయన కామన్సు సభలో ప్రకటించిన సంగతి పాఠకులెరుగుదురు. మూడుదినములకే ఆయన సహమంత్రుల కొక పత్రము వ్రాసిన సంగతి అంతగా నెరుగరు. పాలస్తీనాలో యూదులకు జాతీయనివాసము నేర్పరుప బ్రిటిషు ప్రభుత్వ మప్పుడు యోచించుచుండెను. యూదులు మతమున నొకటియే గాని ప్రత్యేకజాతి కారనియు, అట్టి ప్రకటనము వెలువడినచో ప్రతిదేశమును తన యూదులను పరాయివారిగా నెంచుననియు, పాలస్తీనాలోని మహమ్మదీయులకును క్రైస్తవులకును అన్యాయము కలుగుననియు ఆయన వాదించెను. తన ప్రభుత్వ విధానమే ఫలితమున యూదుద్వేష మగునని పత్రశీర్షికలోనే చాటెను. రష్యాలో హత్యాకాండలపాలైన యూదుల గోడును ఈ లండను ధనికుడు పూర్తిగా గ్రహింపలేదని అనవచ్చును. యూదులలోనే వైజ్‌మన్ మొదలగువా రాయన నెదిరించిరి. నవంబరు 2న బాల్ఫరు ప్రకటనము వెలువడునప్పటి కాయన ఇండియాకు పయనమైయుండెను. కాని స్వజనుల యభీష్టమని పేరుపడిన విధానమును ఖండించిన ఆ యూదుని యూదుద్వేషి యనగలవా రెవరు?

ఇక మనవారు మాంటేగును విమర్శింపలేదా? 1918లో బొంబాయి ప్రత్యేక కాంగ్రెసు ఆయన సంస్కరణలు అసంతృప్తికరములని తీర్మానించెను. ద్వంద్వప్రభుత్వమున పోలీసు, భూమిశిస్తు గవర్నరు పక్షముననే నిలిచెను. 1920 చివర మదరాసులో నేర్పడిన జస్టిసు మంత్రులకు విద్య, స్థానికస్వపరిపాలనము వంటివే దక్కెను. రౌలటు చట్టమును ఆయన కాలముననే వచ్చెను. ఈ విమర్శ యెంత తీక్ష్ణమైనను అధికారమును గూర్చినది, చట్టమును గూర్చినది. మంత్రి ఏ మతస్థుడైనను అందొక మాటయు మార్చనక్కరలేదు.

1920 జూలై 8న కామన్సు సభలో జరిగినది వేరు. జలియన్‌వాలాబాగులో 379 మంది హతులైరని ప్రభుత్వమే యొప్పుకొనియుండెను. భీతిచే ఇండియాను పాలింతురాయని డయరు పక్షపాతులను మాంటేగు నిలదీయగా సభలో కేకలు చెలరేగెను. ఆంగ్లేయుని నిందింప ఈ పరదేశి యూదు డెవ్వడను భావము సభలో వ్యాపించెనని సహమంత్రి ఆస్టెన్ చేంబర్లేను తన లేఖలో వ్రాసెను. డయరును విచారణలేకయే శిక్షించిరనుట వాదము. మంత్రి యూదుడనుట వాదము కాదు. డయరునకై 26,000 పౌనులకుపైగా చందా కూర్చిన మార్నింగు పోస్టు పత్రికయే ఆ యేట లోకమునందలి కలతలకెల్ల యూదుల కుట్ర మూలమని వ్యాసపరంపర ప్రకటించెను. ఓటులలో 129 మంది ప్రతికూలురైరి; 230 మంది ప్రభుత్వమును నిలిపిరి.

టర్కీ సంధిపై భారతప్రభుత్వము పంపిన తంతిని మంత్రివర్గపు అనుమతిలేక ప్రకటించినందున 1922 మార్చిలో ఆయన పదవి వీడవలసివచ్చెను. ఆ నవంబరులో ఎన్నికయు ఓడిపోయెను. 1924 నవంబరు 15న, 45 ఏండ్ల ప్రాయమున మరణించెను.