మూడవ సాలార్‌జంగ్

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివారు అరుదు. అందులోని వస్తువులను చాలావరకు కూడబెట్టిన నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ బహద్దూర్ గారి సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

వీరు 1889లో పూనాలో జన్మించారు. నెల తిరక్కుండానే తండ్రి రెండవ సాలార్‌జంగ్ కాలం చేశారు. 1912లో, 23 ఏళ్ల వయస్సులో, నిజాం ప్రభువు వీరిని దివానుగా నియమించారు. 1914లోనే ఆ పదవి వదిలేశారు. పెళ్లి చేసుకోలేదు. జాగీరు ఆదాయంలో ఎక్కువ భాగం కళావస్తువులకే పోయేది.

యూరప్ వెళ్లినప్పుడు అక్కడి వర్తకుల దగ్గర పాత చిత్రాలు, శిల్పాలు కొనేవారు. వీరి మోజు తెలిసి దేశదేశాల వర్తకులు దివాన్ దేవిడీకే సరుకు పట్టుకొచ్చేవారు. అలా అసలు వాటితోపాటు నకళ్లు కూడా చేరాయి. అందరూ మెచ్చుకునే ముసుగు రెబెక్కా శిల్పం మాత్రం వీరు కొన్నది కాదు. తాతగారు మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు ఈ తేడా మేము తప్పక చెబుతాము.

1949 మార్చి 2న నవాబుగారు కన్నుమూశారు. సంతానం లేదు. వాటాలు వేసుకుంటే అంత సొత్తూ చెల్లాచెదురయ్యేదే. 1951లో దివాన్ దేవిడీలో నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించారు. 1958లో వారసులు రాజీకి వచ్చి సేకరణనంతా ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టం చేసింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది.

కూడబెట్టడం నవాబుగారి గొప్ప. పంచుకోకపోవడం వారసుల గొప్ప. రెండోది లేకపోతే మొదటిది మనకు దక్కేది కాదు.