హిదెయోషి

జపాను దేశమున ఒసాకా నగరమధ్యమందు లోతైన అగడ్తలును, పెనుబండల గోడలును గల కోట యొకటి కలదు. అచ్చట మొదట కోట కట్టించినవాడు టొయొటొమి హిదెయోషి. అతడు రాజవంశమున గాని, సామంతుల యింట గాని పుట్టినవాడు కాడు. 1537వ సంవత్సరమున ఒవారి సీమయందలి నాకమురా గ్రామమున నొక పేదకుటుంబమున జన్మించెను.

ఆ కాలమున జపాను చక్రవర్తి పేరునకు మాత్రమే ప్రభువు. దైమ్యోలనబడు సామంతులు దేశమును పంచుకొని, నూరేండ్లుగా ఒకరితో నొకరు పోరాడుచుండిరి. వారి కొలువున కత్తి పట్టిన యోధులే సమురాయిలు. ఒడా నొబునాగా అను సామంతుని యొద్ద హిదెయోషి చిన్న సేవకుడుగా చేరెను. ప్రభువు చెప్పులు మోసెనని కథలు చెప్పుదురు. కథల మాట యెట్లున్నను, బుద్ధిబలముచే సేనాని యయ్యెననుట నిజము.

1582లో నతడు తకమత్సు కోటను ముట్టడించెను. చుట్టును చిత్తడినేల, సేనలు దరిజేరుట కష్టము. హిదెయోషి పొడవైన గట్టు పోయించి, దాపుననున్న యేటినీటిని లోనికి మరలించెను. వానలు తోడుపడగా కోట నడినీట చిక్కిన దీవి యయ్యెను. అంతలో నొక రాత్రి పిడుగువంటి వార్త వచ్చెను. క్యోటో నగరమున నొబునాగాపై అతని సేనానియే యైన అకెచి మిత్సుహిదె తిరుగబడగా, ప్రభువు మరణించెను. హిదెయోషి ఆ వార్త పొక్కనీయక వెంటనే సంధి కుదిర్చెను. కోటలోనివారి ప్రాణములు దక్కుటకై కోటనాయకుడు షిమిజు మునెహారు పడవపై వచ్చి, ఉభయసేనలు చూచుచుండగా ప్రాణత్యాగము చేసెను. పిమ్మట హిదెయోషి రేయింబవళ్లు సేనను నడిపించి, యమజాకి కడ మిత్సుహిదెను ఓడించెను.

మరుసటి యేడు ఒసాకా కోట ఆరంభమయ్యెను. 1590 నాటికి దేశమంతయు నతని యాజ్ఞకు లోబడెను.

అయితే 1588లోనే అతడు రైతుల యొద్దనున్న కత్తులను, ఈటెలను లాగికొనుటకు శాసనము చేసెను. ఆ లోహము బుద్ధవిగ్రహాలయమునకు మేకులగునని ప్రజలకు నచ్చజెప్పెను. 1591లో రైతు పొలము విడువరాదనియు, సమురాయి రైతు కారాదనియు కట్టడి చేసెను. తాను పైకెక్కిన నిచ్చెనను తానే తీసివేసెను. తిరుగుబాటులు తగ్గినమాట నిజమే; కాని నాకమురావంటి పల్లెలలో మరియొక హిదెయోషి తలయెత్తుటకు తావు లేకపోయెను. తరువాత 1592లోను, 1597లోను కొరియాపై దండెత్తి, ఆ దేశమును పాడుచేసెను గాని గెలువలేకపోయెను.

1598లో హిదెయోషి మరణించునాటికి కుమారుడు హిదెయోరి అయిదేండ్లవాడు. బాలుని కాపాడుదుమని అయిదుగురు సామంతుల చేత ప్రమాణము చేయించెను. వారిలో టొకుగావా ఇయెయసు ఒకడు. ఇయెయసు 1600లో సెకిగహారా యుద్ధమున గెలిచి, 1603లో షోగన్ పదవి నందెను. 1614 శీతకాలమున ఒసాకాను ముట్టడించియు భేదింపలేక, సంధి చేసికొని, ఆ సంధి పేర అగడ్తలను పూడ్పించెను. మరుసటి వేసవిలో కోట తగులబడెను; హిదెయోరియు, అతని తల్లియు ఆత్మహత్య చేసికొనిరి.

టొకుగావావారు పాతగోడలను మట్టితో కప్పి, వానిపై క్రొత్తకోట కట్టిరి. దాని బురుజు 1665లో పిడుగుపాటున కాలిపోయెను. నేడు యాత్రికులు ఎక్కి చూచు బురుజు 1931లో పౌరుల విరాళములతో కాంక్రీటున నిర్మితమైనది. హిదెయోషి పేర్పించిన రాతిగోడ 1959లో జరిగిన పరిశోధనమున నేలలోతున బయటపడెను.