కొండకి స్టెతస్కోప్ పెట్టినవాడు

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ ఒక వైబ్రేషన్ సెన్సార్. చిన్న యాక్సిలరోమీటర్ చిప్‌ని ఆర్డుయినోకి కలిపి, హాస్టల్ పక్క రోడ్డు మీద లారీ వెళ్తే గ్రాఫ్ కదులుతుందా లేదా అని చూడాలి. కదిలింది. కాకపోతే లారీకీ కదిలింది, ఫ్యాన్‌కీ కదిలింది, మా రూమ్మేట్ మంచం దిగినా కదిలింది. దేనికి ఎలా కదిలిందో చెప్పమంటే మాత్రం ముగ్గురం నోరు మెదపలేకపోయాం. వైవాలో మార్కులు పోయింది అక్కడే.

ఆ ఉక్రోషంలో, ఇలాంటి గీతలు చూసి భూమి లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగినవాళ్ళు అసలు ఎవరా అని వెతకడం మొదలుపెట్టా. అలా దొరికాడు థామస్ జాగర్.

జాగర్ 1871లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి బిషప్. కొడుకు మాత్రం రాళ్ళ వెంట పడ్డాడు. హార్వర్డ్‌లో జియాలజీ చదివి, 1897లో డాక్టరేట్ తీసుకుని, అక్కడే పాఠాలు చెప్పాడు. బయట చూసినదాన్ని ల్యాబ్‌లో ఇసుక, నీళ్ళతో మోడల్‌గా చేసి చూడటం ఆయనకి ఇష్టం. మన భాషలో చెప్పాలంటే థియరీ కంటే ప్రాక్టికల్స్ మనిషి. అలాగే ఉండిపోతే మంచి ప్రొఫెసర్‌గా రిటైరయ్యేవాడు.

1902 మే 8న కరీబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవిలో మాంట్ పెలే పేలింది. నిప్పులాంటి వాయువు, బూడిద కలిసి కొండ దిగొచ్చి సెయింట్ పియెర్ ఊరిని నిమిషాల్లో కాల్చేసింది. దాదాపు 28,000 మంది చనిపోయారు. అమెరికా పంపిన నౌకలో వెళ్ళిన శాస్త్రవేత్తల్లో జాగర్ ఒకడు. వాళ్ళు చేరేసరికి రెండు వారాలు గడిచిపోయాయి. ఊరు లేదు, శవాలున్నాయి. ఆయన్ని వెంటాడింది ఇంకో సంగతి. ఆ కొండ చెప్పకుండా పేలలేదు. వారాల ముందు నుంచే బూడిద రాలింది, గంధకం వాసన వచ్చింది, నేల కదిలింది. వాటిని చదివే మనిషి లేడు.

ఆ తర్వాత 1906లో వెసూవియస్ చూశాడు. 1908 చివర్లో ఇటలీలో మెస్సీనా భూకంపం వేల వేల మందిని తీసుకుపోయింది. ప్రతిసారీ శాస్త్రవేత్తలు వెళ్ళేది అంతా అయిపోయాకే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటామే, అచ్చం అదే. జాగర్‌కి అర్థమైంది ఏంటంటే, పేలిన కొండ దగ్గరికి పరిగెత్తడం కాదు, పేలకముందే దాని పక్కన కాపురం పెట్టాలి.

అప్పటికి ఆయన ఎంఐటీలో జియాలజీ శాఖ హెడ్. మంచి జీతం, మంచి పేరు. 1909లో హవాయి వెళ్ళి కిలవేయా అగ్నిపర్వతాన్ని చూశాడు. అటు నుంచి జపాన్ వెళ్ళి, భూకంపాల పరికరాలు తయారుచేసిన ఒమోరిని కలిశాడు. ఎంఐటీకి వచ్చిన విట్నీ విరాళం కొంత, హోనొలులులో పత్రిక నడిపే లోరిన్ థర్స్టన్ కూడగట్టిన డబ్బు కొంత. 1912లో కిలవేయా అంచున హవాయి వల్కనో అబ్జర్వేటరీ మొదలైంది. దాని లక్ష్యం ఒక్కటే, ఇంకో ఊరు సెయింట్ పియెర్‌లా పోకూడదు.

పరికరాలకి గట్టి నేల కావాలి కదా. ఖైదీలను తెచ్చి, రెండు మీటర్లకి కాస్త తక్కువ లోతున బూడిద తవ్వించి, కింద గట్టి లావా తగిలాక దాని మీద దిమ్మెలు కట్టారు. వాటి మీద బాష్-ఒమోరి సీస్మోగ్రాఫులు. బరువైన లోలకం, మసి పట్టించిన కాగితం, దాని మీద గీత గీసే సన్నటి సూది, అంతే. కరెంటు చిప్ లేదు, కోడ్ లేదు.

నన్ను కూర్చోబెట్టింది ఇక్కడే. ఆ సూదులు భూకంపానికి ఊగడమే కాదు, మెల్లగా ఒక పక్కకి జరిగిపోయేవి కూడా. మా సెన్సార్‌లోనూ ఇదే ఉంది. డ్రిఫ్ట్ అని పేరు పెట్టి, కోడ్‌లో రెండు లైన్లు రాసి తీసేశాం. కిలవేయాలో దాన్ని తీసెయ్యలేదు, రోజూ రాసిపెట్టారు. ఎండకి ఎంత జరుగుతోంది, వానకి ఎంత జరుగుతోంది అని ఏళ్ళ తరబడి లెక్క చూసి, ఆ రెండూ పక్కన పెట్టారు. అప్పుడు మిగిలింది కొండ కదలిక. లోపల మాగ్మా చేరితే కొండ పూరీలా పొంగుతుంది, అంచున నేల బయటికి వాలుతుంది. మాగ్మా వెళ్ళిపోతే లోపలికి వాలుతుంది. ఇప్పటి టిల్ట్‌మీటర్లు ఒక కిలోమీటరు పొడవు కడ్డీ చివర ఒక మిల్లీమీటరు లేస్తే ఎంతో అంత వాలుని కూడా పట్టుకుంటాయి.

1924లో ఇది కళ్ళ ముందు జరిగింది. ఫిబ్రవరిలో హలేమౌమౌ గుంటలోని లావా సరస్సు ఇంకిపోయింది. ఏప్రిల్‌లో 40 కిలోమీటర్లకి పైగా దూరంలో, దీవి తూర్పు కొసన కపోహో దగ్గర వరసగా భూకంపాలు వచ్చి నేల పగిలింది. అంటే మాగ్మా మాయం కాలేదు, నేల కింద దారి చేసుకుని అటు పోయింది. మే నెలలో ఖాళీ అయిన గుంటలో ఆవిరి పేలుళ్ళు మొదలై, బండరాళ్ళు ఎగిరిపడి ఒక మనిషి చనిపోయాడు. తర్వాత కొలిస్తే అబ్జర్వేటరీ ఉన్న చోట నేల దాదాపు ఒక మీటరు కిందికి దిగి ఉంది.

దానికి ముందే, 1923 ఫిబ్రవరిలో, సూదులు ఎక్కడో దూరంలో పెద్ద భూకంపం గీశాయి. అది రష్యాలోని కంచట్కా దగ్గర. భూకంప తరంగం నిమిషాల్లో వస్తుంది, సునామీకి గంటలు పడుతుంది. ఆ తేడా జాగర్‌కి తెలుసు. హిలో రేవు అధికారులకి కబురు పంపాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అల వచ్చింది, ఒక జాలరి పోయాడు. 1933లో జపాన్ సన్రికు భూకంపానికి మళ్ళీ హెచ్చరించాడు. ఈసారి విన్నారు, హవాయిలో ప్రాణనష్టం లేదు. రెండుసార్లూ గీత చదవడంలో తప్పు లేదు. వినేవాళ్ళు మారడానికి పదేళ్ళు పట్టింది.

ఆయన చేసినవన్నీ గెలిచాయని కాదు. మొదటి పెళ్ళి నిలవలేదు. 1917లో ఇసబెల్ మేడ్‌వెల్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఆమె కొండ మీద పనిలోనూ తోడుంది. డబ్బు కోసం జీవితాంతం తిరిగాడు, అబ్జర్వేటరీ ఒక ప్రభుత్వ శాఖ నుంచి ఇంకో శాఖకి మారుతూనే ఉంది. 1935లో మౌనా లోవా లావా హిలో వైపు వస్తుంటే సైనిక విమానాలతో బాంబులు వేయించాడు. కొన్ని రోజులకి లావా ఆగింది. బాంబుల వల్లే ఆగిందని ఆయన నమ్మాడు, తర్వాతివాళ్ళు చాలామంది నమ్మలేదు. ఒకే ఒక్క రీడింగ్‌తో కంక్లూజన్ రాస్తే మనకి సార్ కొట్టేసేది ఇందుకే అనిపించింది.

1940లో రిటైరయ్యాడు, 1953 జనవరిలో హోనొలులులో చనిపోయాడు.

2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, హవాయి కింద మూడున్నరేళ్ళలో వచ్చిన దాదాపు 1,92,000 చిన్న చిన్న భూకంపాలను మెషిన్ లెర్నింగ్‌తో ఏరి పటం గీశారు. పహలా ఊరి కింద 40 కిలోమీటర్ల లోతు దాకా మాగ్మా నిండిన పొరలు కనిపించాయి. అక్కడిదాకా ఏ డ్రిల్లూ వెళ్ళలేదు. వెళ్ళింది చెవి ఒక్కటే. ఆ పటంలో వాడిన రికార్డింగులు, జాగర్ మొదలుపెట్టిన ఆ అలవాటుకి కొనసాగింపే.

2018లో కిలవేయా శిఖరం కుంగి, అబ్జర్వేటరీ భవనమూ పక్కనే ఆయన పేరు పెట్టిన మ్యూజియమూ పగుళ్ళిచ్చి మూతపడ్డాయి. కానీ లోపలి జనం ముందే ఖాళీ చేసి బయటపడ్డారు. ఆయన కోరుకున్నదీ అదే అనుకుంటా.

ఈ సెమిస్టర్ మేం అదే సెన్సార్‌ని మళ్ళీ బిగించాం. డ్రిఫ్ట్ తీసేసే రెండు లైన్లు కొట్టేశాం. పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. టైమ్, ఎండ, ఫ్యాన్ తిరుగుతోందా, రోడ్డు మీద ఏం వెళ్ళింది, అన్నీ రాస్తున్నాం. ఇప్పటికి 19 రోజులు. మధ్యాహ్నం రెండింటికి గీత కొంచెం పక్కకి జరుగుతోంది. ఎందుకో ఇంకా తెలీదు. రాస్తున్నాం.