అశోక చక్రవర్తి: అనుతాపమును క్షమయును

పరులు మనకు చేసిన కీడును మఱచుట కష్టమని యెల్లరు నెఱుగుదురు. మనము పరులకు చేసిన కీడు మన హృదయముననే ముల్లై నాటుకొన్నప్పుడు దానితో నెట్లు బ్రతుకవలయునో తెలిసికొనుట యంతకంటె కష్టము. అట్టి ముల్లును దాచుకొనక, తన రాజ్యమంతటికిని చాటి చెప్పిన యొక రాజు చరిత్రమును చదువరుల యెదుట నిడదలచితిమి. అశోకుని గూర్చిన గ్రంథములకు కొఱత లేదు. అవి స్తూపములను గూర్చియు, సింహళమునకు బోయిన మహేంద్రుని గూర్చియు విస్తరించి చెప్పును. మేము వాని జోలికి బోక, ఆయన మనస్సున జరిగిన పనిని మాత్రమే, ఆయన చెక్కించిన శాసనముల యాధారమున వివరింతుము.

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. క్రీ.పూ. 269 ప్రాంతమున పట్టాభిషిక్తుడయ్యెను. రాజ్యమునకై తొంబదితొమ్మండుగురు సోదరులను చంపెనని సింహళ గ్రంథములు చెప్పును. కాని పట్టాభిషేకమైన చాల కాలమునకు వెలువడిన యైదవ శిలాశాసనమున ఆయన సోదరుల గృహముల ప్రస్తావన యున్నది గనుక ఆ లెక్క నమ్మదగినది కాదు. మతమున బ్రవేశింపక పూర్వ మెంత క్రూరుడుగా జూపిన, ప్రవేశించిన పిమ్మట అంత మహనీయుడుగా గన్పట్టునని కథకులు తలచి యుందురు. ఈ యుపాయ మే మతమువారికిని క్రొత్త కాదు.

నిజమైన క్రూరకార్యము వేఱొకటి గలదు. దానికి సాక్షి యాయనయే. పట్టాభిషేకమైన యెనిమిదేండ్లకు, క్రీ.పూ. 261 ప్రాంతమున, ఆయన కళింగమును జయించెను. అందు 1,50,000 మంది చెఱపట్టబడి కొనిపోబడిరనియు, 1,00,000 మంది హతులైరనియు, అంతకు పలుమడుగులు ఇతర విధముల మడిసిరనియు పదుమూడవ శిలాశాసనము తెలుపుచున్నది. గెలిచిన రాజులు చంపినవారి సంఖ్యను కీర్తికై చెప్పుకొనుట వాడుక. ఈ రాజు దానిని దుఃఖించుటకై చెప్పుకొనెను.

ఆ శాసనమున మమ్ము మిక్కిలి యాకర్షించిన దీ సంఖ్య కాదు. చచ్చినవారి తోడనే యాయన చింత ముగియలేదు. తల్లిదండ్రులను గురువులను సేవించుచు, సేవకులను దయతో జూచుచు బ్రతికిన గృహస్థులు ఆ యుద్ధమున నేమైరో యాయన యూహించుకొనెను. ఒడలికి గాయమైనను తగులక తప్పించుకొన్నవాడు సైతము, తన నేస్తమునకో చుట్టమునకో వాటిల్లిన యాపదచే తానును గాయపడినవాడే యని గుర్తించెను. అప్పటి దుఃఖములో నూఱవ వంతైనను, వేయవ వంతైనను ఇప్పుడు తనకు దుస్సహమని యొప్పుకొనెను. పరుని బాధను ఇంత దగ్గఱగా జూచుటయే ధ్యానమునకు మొదటి మెట్టని మేము తలంతుము.

అయినను అనుతాపము కలిగిన మఱునాడే మనుష్యుడు మాఱిపోవునా? మాఱడు. ఈ విషయమునను అశోకుడు దాపఱికము లేనివాడు. తాను రెండున్నర యేండ్లకు పైగా ఉపాసకుడుగా నున్నను, మొదటి యొక సంవత్సరము తగినంత ప్రయత్నము చేయలేదనియు, సంఘమును సమీపించిన పిమ్మట ఏడాదికి పైగా గట్టిగా పాటుపడితిననియు లఘుశిలాశాసనమున వ్రాయించెను. తన సోమరితనమును బండలపై చెక్కించి ప్రజలకు వినిపించిన చక్రవర్తు లెందఱు గలరు?

ఆ పాటు ఎట్టిదో బైరాటు శాసనమువలన గొంత తెలియును. 1840లో బయల్పడి, పిమ్మట కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి జేరిన యా రాతిపై, భిక్షువులును భిక్షుణులును ఉపాసకులును ఉపాసికలును మాటిమాటికి విని మననము చేయవలసిన యేడు ధర్మోపదేశములను అశోకుడు పేర్కొనెను. అం దొకటి, అసత్యమును గూర్చి బుద్ధుడు తన కుమారుడగు రాహులునకు చేసిన బోధ. అద్దమున ముఖమును జూచుకొన్నట్లు, ప్రతి పనిని చేయబోవుచును, చేయుచును, చేసిన పిదపను చూచుకొనవలయును. అది తనకుగాని పరులకుగాని కీడైనచో మానవలయును. చేసిన కీడును జ్ఞానవంతుల యెదుట వెల్లడించి, యిక మీదట జాగరూకుడై యుండవలయును. ఇదియే యా బోధ సారము. రాహులునకే చేసిన మఱియొక బోధలో బుద్ధుడు మనస్సును భూమివలె జేసికొనుమనెను. శుచియైనదానిని అశుచియైనదానిని తనపై బోసినను భూమి యేవగించుకొనదు. మైత్రిని భావించినవానికి ద్వేషము తొలగును. కరుణను భావించినవానికి హింసాబుద్ధి తొలగును. పిమ్మట ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములను గమనించు పద్ధతిని నేర్పెను. ఈ సాధనములో గతమును మఱచు మందేదియు లేదు. చేసినదానిని సూటిగా జూచుచు, దాని వేడికి మాడిపోక నిలుచు నేర్పు మాత్రమే కలదు.

జనులు తమ మంచిపనినే చూతురుగాని పాపమును జూడరనియు, ఈ యాత్మపరీక్ష కడు కష్టమనియు అశోకుడు స్తంభశాసనమున జెప్పెను. కోపము, క్రౌర్యము, గర్వము, ఈర్ష్య యనునవి తన్ను చెఱుపకుండ జూచుకొనవలయునట. పట్టాభిషేకమైన యిరువదియేడవ యేట వ్రాయించిన యేడవ స్తంభశాసనమున, ధర్మము వృద్ధియగుటకు నియమము, నిఝతి యని రెండు మార్గములను జెప్పి, నియమము స్వల్పమైనదనియు నిఝతియే గొప్పదనియు నిర్ణయించెను. లోన జింతించి యొప్పుకొనుట, ఒప్పించుట యని నిఝతికి అర్థము. ధ్యాన శబ్దము పుట్టిన ధాతువునుండియే ఈ మాటయు బుట్టినది. ఆజ్ఞాపించి లోబఱచుకొనగల చక్రవర్తి యిరువదియేడేండ్లు పరిపాలించిన పిదప నీ నిర్ణయమునకు వచ్చుట సామాన్యము కాదు.

ఇక క్షమ. తన కపకారము చేసినవారిని, సహింప సాధ్యమైనంతవఱకు, సహింపవలయునని పదుమూడవ శాసనమున నిశ్చయించుకొనెను. తన యధీనమున లేని సరిహద్దుల వారు తన్ను జూచి భయపడవలదనియు, క్షమింపదగినదానిని రాజు క్షమించుననియు వారికి దెలుపుమని కళింగమునందలి యధికారుల నాజ్ఞాపించెను. మరణదండన పొందినవారికి మూడు దినముల గడువొసగి, వారి బంధువులు ప్రాణరక్షణకై మనవి చేసికొన నవకాశము గల్పించెను. ఇరువదియాఱేండ్లలో ఇరువదియైదు మారులు బందీలను విడిపించెను.

వీనిని బొగడుచు, లోపములను దాచుట న్యాయము కాదు. ఆయన మరణదండనను రద్దు చేయలేదు. అడవి జాతులతో సామము నెఱపుచునే, అనుతాపము గల తనకు శక్తియు గలదని వారిని హెచ్చరించెను. చెఱగొనిపోయిన 1,50,000 మందిని మరల వారి యిండ్లకు బంపెనని శాసనము లెక్కడను జెప్పవు. అన్నిటికంటె మమ్ము కలతపెట్టు విషయ మొకటి గలదు. కళింగ దేశములోనే యున్న ధౌలి, జౌగడ శిలలపై ఆ పదుమూడవ శాసనము లేదు. దానికి బదులుగా, మనుష్యులందఱును తన బిడ్డలని చెప్పు ప్రత్యేక శాసనములు రెండు వ్రాయించెను. మానని పుండును రేపగూడదని యట్లు చేసెనో, ఓడినవారి యెదుట తప్పొప్పుకొనుటకు రాజత్వ మడ్డువచ్చెనో, చదువరులే యాలోచింపవలయును. మేము మొదటి కారణమునకే మొగ్గుదుము; కాని రెండవదానిని కొట్టివేయజాలము. కళింగులకు వినిపింపని యా యనుతాపము మన కర్నూలు మండలమునందలి ఎఱ్ఱగుడి బండలపై గలదు. ధర్మము ననుసరించు జనులలో ఆంధ్రులను ఆ శాసనమే పేర్కొన్నది.

అశోకావదానమున నొక కథ గలదు. దానిని చరిత్రముగా గాక కథగానే చెప్పుచున్నాము. అశోకుని కుమారుడగు కుణాలుని కన్నులు మిక్కిలి యందమైనవి. యశుడను స్థవిరుడు, ఈ కన్ను లనిత్యములని నిత్యము భావింపుమని వానికి బోధించెను. పిమ్మట తిష్యరక్షిత యను రాణి పన్నాగముచే తక్షశిలలో వాని కన్నులు పెఱికింపబడెను. పూర్వమే ధ్యానమున ఆ కన్నులపై మమకారము విడిచిన కుణాలుడు రాణిపై కోపింపలేదు. అంధుడై వీణ వాయించుచు దండ్రి నగరమునకు వచ్చి, నిజము బయటపడినప్పుడు, ఆమెను క్షమింపుమని తండ్రిని వేడుకొనెను. తన మనస్సున ద్వేషము లేదన్న సత్యముచేతనే వానికి మరల కన్నులు వచ్చినవట. తండ్రి మాత్రము వినలేదు. తిష్యరక్షితను లక్కయింట బెట్టి కాల్పించెను. రాతిపై వ్రాయించిన యశోకుడు వధ్యులకు మూడు దినముల గడు విచ్చెను. కథలోని యశోకుడు ఆ గడువైన నీయలేదు.