బైండింగ్ షాపు కుర్రాడు చెప్పిన కెమిస్ట్రీ పాఠం



మీ పిల్లల సైన్సు పుస్తకంలో ఆనోడ్, కాథోడ్, అయాన్, ఎలక్ట్రోలైట్ అనే మాటలు ఉంటాయి. చాలామంది పిల్లలు వాటిని పరీక్ష కోసం బట్టీ పడతారు. ఆ మాటలను సైన్సుకు ఇచ్చిన మైకేల్ ఫారడే బడిలో చదువుకున్నది మాత్రం చాలా తక్కువ.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గర పుట్టారు. తండ్రి కమ్మరి. ఆరోగ్యం బాగా లేక పని సరిగా సాగేది కాదు. ఒక దశలో పిల్లవాడికి ఒక్క రొట్టె ఇచ్చి, దానితోనే వారమంతా సరిపెట్టుకోమనాల్సిన పరిస్థితి. చదవడం, రాయడం, కాస్త లెక్కలు వచ్చేసరికి బడి ముగిసింది. 13వ ఏట జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరారు. మరుసటి ఏడాది నుంచి ఏడేళ్లు బైండింగ్ పని నేర్చుకున్నారు.

కుట్టడానికి వచ్చిన పుస్తకాలను ఆయన చదివేవారు కూడా. ఎన్‌సైక్లోపీడియాలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన కెమిస్ట్రీ పుస్తకం ఆయనను పట్టుకున్నాయి. యజమాని అడ్డు చెప్పలేదు. ఊళ్లో జరిగే సైన్సు ఉపన్యాసాలకు టికెట్ ఒక షిల్లింగ్. కమ్మరి పని చేసే అన్న రాబర్ట్ ఆ డబ్బు ఇచ్చేవాడు.

1812లో ఫారడే సొంతంగా ఒక బ్యాటరీ చేశారు. ఏడు రాగి నాణేలు, అంతే సైజు ఏడు జింకు బిళ్లలు, మధ్య మధ్య ఉప్పునీటిలో తడిపిన కాగితాలు. వీటిని ఒకదానిపై ఒకటి పేర్చి, ఆ కరెంటుతో మెగ్నీషియం సల్ఫేట్ ద్రావణాన్ని విడగొట్టారు. అంటే ఆయన తొలి ప్రయోగాల్లోనే విద్యుద్విశ్లేషణ ఉంది.

అదే ఏడాది ఒక ఖాతాదారు ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నారు. డేవీ అప్పటికే కరెంటుతో పొటాషియం, సోడియం లోహాలను వేరు చేసిన ప్రసిద్ధుడు. ఫారడే తన నోట్సును శుభ్రంగా తిరగరాసి, తన చేతులతోనే బైండ్ చేసి ఆయనకు పంపారు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడిగా ఉద్యోగం దొరికింది.

ఇంతకీ విద్యుద్విశ్లేషణలో జరిగేదేమిటి? కొన్ని పదార్థాలు నీటిలో కరిగినప్పుడు గానీ, వేడికి కరిగి ద్రవమైనప్పుడు గానీ వాటిలోని ధన, రుణ అయాన్లు కదలగలుగుతాయి. అందులో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి బ్యాటరీకి కలిపితే ధన అయాన్లు కాథోడ్ వైపు, రుణ అయాన్లు ఆనోడ్ వైపు వెళ్తాయి. అక్కడ కొత్త పదార్థాలు ఏర్పడతాయి. నీటిని విడగొడితే కాథోడ్ దగ్గర హైడ్రోజన్, ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ వస్తాయి. హైడ్రోజన్ ఘనపరిమాణం రెండింతలు.

ఇది ఎంత జరుగుతుందో కొలిచి చెప్పింది ఫారడే. 1833-34లో ఆయన తేల్చిన నియమం సులువైనదే: ఎంత విద్యుత్తు ప్రవహిస్తే, ఎలక్ట్రోడ్ దగ్గర అంత పదార్థం ఏర్పడుతుంది. ఈనాటి లెక్కలో సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తు 108 గ్రాముల వెండిని బయటికి తెస్తుంది. నగలకు బంగారు పూత వేయాలన్నా, ముడిఖనిజం నుంచి అల్యూమినియం తీయాలన్నా ఆధారం ఇదే పద్ధతి. కొత్త విషయానికి కొత్త పేర్లు కావాలని ఆయన కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్ సలహా అడిగారు. ఆనోడ్, కాథోడ్, అయాన్ అలా వచ్చాయి.

పేరు వచ్చాక కూడా ఫారడే పిల్లలను మరచిపోలేదు. వారి కోసం ఏళ్ల తరబడి క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. పై స్థాయి గణితం ఆయనకు చివరిదాకా రాలేదు. ఆ లోటును ఓపికగా చేసిన ప్రయోగాలతో పూడ్చుకున్నారు.

అన్న ఇచ్చిన షిల్లింగ్, యజమాని ఇచ్చిన వెసులుబాటు లేకపోతే ఆ కుర్రాడు బైండింగ్ షాపులోనే ఉండిపోయేవాడేమో. ఈ వారం మార్కులు అడిగే ముందు, కాథోడ్ దగ్గర ఏం జరుగుతుందో మీకు వివరించమని మీ పాపను, బాబును అడగండి. తడబడినా ఓపికగా వినండి.

ఒక జాగ్రత్త: ఉప్పునీటితో చేస్తే హానికరమైన క్లోరిన్ వాయువు రావచ్చు. అందుకే ఈ ప్రయోగం ఇంట్లో వద్దు, స్కూల్ ల్యాబ్‌లో టీచర్ సమక్షంలోనే చేయాలి. ఇంటి కరెంటు ప్లగ్గుతో ఎప్పుడూ చేయకూడదు.